నాయనమ్మ దిష్టి తీసిన డబ్బా

ఐటీఐ నుంచి బయటపడిన కొత్తలో కరెంటంతా నా చెప్పుచేతల్లోనే ఉందనుకునేదాన్ని. సోలాపూర్ కుంఠా నాకాలోని మా కార్ఖానాలో, మగ్గాల మధ్య జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఊరికి వెలుగిచ్చేది నేనే అన్నట్టు తిరిగేదాన్ని. (మా ఇంట్లో ట్యూబులైటు మాత్రం నెలల తరబడి కొట్టుకుంటూనే ఉండేది.) నాయినను సతాయించి పూల చాదర్లు నేసే కంప్యూటర్ జకార్డ్ మగ్గం పెట్టించాను. ఆయన షరతు ఒకటే. "ఈ వానకాలం దాని లోపటి కంప్యూటర్ బోర్డు కాలకుంట చూస్కో. కాలిందా, అమ్మేస్త. నువ్వు మీ అమ్మ పక్కన కూసోని బీడీలు చుట్టు." మా గల్లీలో పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు కొట్టే దెబ్బకు ఎన్ని టీవీలు మాడిపోయాయో! మబ్బు పడితే చాలు, నా కాళ్లు ఒక్కచోట నిలిచేవి కావు.

అందుకే మెయిన్ బోర్డులో, జకార్డ్‌కు పోయే లైను మీద సర్జ్ ప్రొటెక్టర్ బిగించాను. అగ్గిపెట్టెంత డబ్బా, దానికో చిన్న కిటికీ. బాగున్నంతకాలం అది పచ్చగా ఉంటుంది, పెద్ద దెబ్బ తిని చస్తే ఎర్రబడుతుంది. అప్పుడు లాగేసి కొత్తది గుచ్చాలి. "ఇదేంది పోరీ?" అంది నాయనమ్మ.

"మిషన్‌కు తగిలే దెబ్బ ఇది మీదేసుకుంటది."

"గుమ్మానికి కట్టే గుమ్మడికాయ లెక్కనా?"

"గంతే!" అన్నాను గొప్పగా. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

అమావాస్య నాడు మెయిన్ స్విచ్ దించి, మగ్గాలు తుడిచి పూజ చేస్తాం. పాత నిమ్మకాయలు, మిరపకాయలు నాలుగు బాటలు కలిసే చోట పారేసి కొత్తవి కడతాం. ఆ వానకాలం ఒక అమావాస్య సాయంత్రం నేను పూజకు పూలు తెచ్చేసరికి బోర్డులో డబ్బా లేదు, దాని చోట నిమ్మకాయ ఉంది!

"ఇన్ని దినాల సంది దిష్టి మింగింది గదా, అశోక్ చౌక్‌ల పడేసొచ్చిన," అంది నాయనమ్మ నిమ్మళంగా. బయట ఉరిమింది. నాయిన మెయిన్ వైపు నడుస్తున్నాడు.

"నాయినా, నేనొచ్చేదాంక ఎయ్యకు!"

"సేటుకు చాదర్ సాంపిల్ చూపియ్యాలె, జల్దీ రా!"

చౌక్‌కు పరిగెత్తాను. నిమ్మకాయల మధ్య నా డబ్బా పచ్చగా చూస్తోంది. ఆటోలు, చివరికి సిటీ బస్సు కూడా దాన్ని తప్పించుకుని పోతున్నాయి. దిష్టి తొక్కే ధైర్యం ఎవరికుంది? వంగి తీశానో లేదో, బీడీల గంప పట్టుకున్నామె కేకేసింది. "అగో, ఆ పోరి దిష్టి ఏరుకుంటుంది!"

"నాదే, నాదే!" అని అరుచుకుంటూ పరుగు. (దిష్టిని నాదని చెప్పుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.)

గుమ్మంలో నాయనమ్మ అడ్డం నిలబడింది. "పారేసింది ఇంట్లకు తెస్తవా?"

"ఇది లేకుంటే నేను బీడీలకే పోవాలె నాయనమ్మా," అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆమె తన వేళ్లకేసి చూసుకుంది. జన్మంతా బీడీలు చుట్టిన వేళ్లవి. లోపలికెళ్లి ఉప్పు, మిరపకాయలు తెచ్చి నాకూ డబ్బాకూ కలిపి దిష్టి తీసింది. నీళ్లు కూడా చల్లబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

డబ్బా గుచ్చి మెయిన్ వేశాను. చాదర్ మీద పువ్వు సగం పడిందో లేదో కరెంటు పోయింది. మళ్లీ వచ్చినప్పుడు బల్బులు భగ్గుమని వెలిగి మాడిపోయాయి. చీకట్లో మగ్గం మాత్రం మిగతా సగం పువ్వు నేసుకుంటూ పోయింది. బోర్డు వైపు చూస్తే కిటికీ ఎర్రగా ఉంది.

"చూసినవా, ఎంత దిష్టో!" అంది నాయనమ్మ.

ఇప్పుడు కార్ఖానా నేనే చూసుకుంటున్నాను. నాయనమ్మ లేదు. ఎర్రబడ్డ ప్రతి డబ్బానూ అమావాస్య నాడు నిమ్మకాయలతో పాటు చౌక్‌లో పెట్టి, ఆమె చెప్పినట్టే వెనక్కి చూడకుండా వచ్చేస్తాను. చూస్తే, కరెంటంతా తన చెప్పుచేతల్లోనే ఉందనుకున్న అప్పటి ఆ స్క్రూడ్రైవర్ పిల్ల అక్కడ నిలబడి నన్ను చూసి నవ్వుతూ ఉంటుంది.