సతుర్నీనా నల్ల మంద

నికాసియో లారికో ఎవరినీ మోసం చేసిన మనిషి కాడు. చేసే తెలివి లేకనే చెయ్యలేదని అతని బావమరిది మెలితోన్ అంటాడు గాని, బావమరుదుల సాక్ష్యం ఏ న్యాయస్థానంలోనూ పూర్తిగా చెల్లదు. అటువంటివాడు ముసలితనంలో ఒకే ఒక్కసారి మోసానికి ఒడిగట్టాడు. ఆ ఒక్కటీ చచ్చిపోయిన సొంత భార్యనే చేశాడు.

మకుసానీ ఊరికి బాగా పైన, చెట్లు కూడా ఇక మా వల్ల కాదని కిందే ఆగిపోయిన ఎత్తులో వాళ్ళ మేతనేల. రాళ్ళు పేర్చిన దొడ్డి, గడ్డికప్పు ఇల్లు, పొడుగు మెడలతో గొర్రెల్లా ఉన్ని ఇచ్చే అల్పాకాల మంద ఒకటి. మందలో తెల్లవీ గోధుమవీ నికాసియోవి, నల్లవి అతని భార్య సతుర్నీనావి. ఆ కొండల్లో ఆడపిల్ల కాపురానికి వస్తూ తన జంతువులను తానే తోలుకొని వస్తుంది. చచ్చేదాకా అవి ఆమెవే, వాటి సంతానమూ ఆమెదే. మొగుడు వాటిని మేపవచ్చు, వాటి ఉన్ని కత్తిరించవచ్చు, వాటి వెనకాల వడగళ్ళలో పరుగెత్తవచ్చు. నావి అని మాత్రం అనరాదు. సతుర్నీనా తన జంతువుల చెవులకు ఎర్ర ఉన్ని కుచ్చులు కట్టింది. కుచ్చులు లేకపోయినా ఎవరూ పొరబడరు, ఎండలో కూడా ఎర్రబారని నలుపు ఇంకెక్కడా లేదు.

ఒకప్పుడు అన్ని దొడ్లలోనూ ఉండేది. ఉన్ని కొనేవాళ్ళు తెల్లదైతే ఏ రంగైనా పడుతుందని తెల్లదే అడగడం మొదలుపెట్టాక, జనం నల్ల మగవాటికి విత్తులు కొట్టించి తెల్లవాటిని తెచ్చుకున్నారు. అందరికంటే ముందు తెచ్చుకున్న ఘనత సతుర్నీనా సొంత తమ్ముడు మెలితోన్‌ది. వచ్చినప్పుడల్లా దొడ్డి గోడ మీద మోచేతులు ఆన్చి, "అక్కా, ఆ బొగ్గులింకా ఆరలేదా?" అని అడిగేవాడు.

"రంగు వేసుకోడానికి తెల్లది కావాలంట వాళ్ళకి. నావాటికి దేవుడే వేసి పంపాడు, ఒక పని తప్పింది. పోయి చెప్పు వాళ్ళకి," అనేది సతుర్నీనా.

దేవుడు చేసిన ఆ సాయాన్ని కొనేవాళ్ళు గుర్తించలేదు. కరువులు, మంచు, నక్కలు తలా కొంత పట్టుకుపోగా, చివరికి ఆమెకు మూడు నల్ల ఆడవి, ఒక నల్ల మగది మిగిలాయి. మగదాని పేరు గవర్నరు. ఎదురుపడిన ప్రతివాణ్ణీ, నీ కాగితాలేవి అన్నట్టు గడ్డమెత్తి పైనుంచి కిందికి చూసేది. జవాబు నచ్చకపోతే వీపు తిప్పి వెళ్ళిపోయేది. ఆ పేరు పెట్టింది సతుర్నీనాయే. ఉన్ని కత్తిరించడానికి దాని కాళ్ళు కట్టేటప్పుడు, "తమరు క్షమించాలి," అని వినయంగా చెప్పేది.

ఆ శీతాకాలం మంచు మరీ మొండిగా కురిసి, చూలుతో ఉన్న మూడు నల్లవీ ఈచుకుపోయి, కడుపులో పిల్లలు దక్కలేదు. వానలు మొదలయ్యే వేళకు సతుర్నీనాకు ఊపిరి అందడం మానేసింది. గొర్రెతోళ్ళ పడక మీద, గోడవైపు తిరిగి పడుకుని, చివరిగా అన్న మాట ఇదీ:

"నల్లవి కలిసిపోనీకు."

నువ్వు ఎట్లా ఉంటావో అని గానీ, వేళకు తిను అని గానీ అనలేదు. నికాసియో నొచ్చుకోలేదు. అన్నేళ్ళ కాపురంలో ఆమె మనసులో ఎవరి తరువాత ఎవరో అతనికి కంఠస్థమే.

చిక్కు ఆమె పోయిన ఎనిమిదోనాడు వచ్చింది. ఆ రోజు పోయినవాళ్ళ బట్టలు ఏటిలో ఉతుకుతారు. పోయిన మనిషి మురిపెంగా చూసుకున్న జంతువు మీద చిన్న మూట కడతారు. అందులో వేయించిన మొక్కజొన్నలు, మంచుకు ఎండబెట్టిన దుంపలు, నమలడానికి కోకా ఆకులు, ఒక తాడు పెడతారు. తరువాత ఆ జంతువును కోసి వెనకాలే పంపుతారు, దారి దూరం కాబట్టి. అల్పాకా బరువు మోసే జంతువు కాదు నిజమే. కానీ చనిపోయినవాళ్ళ మూటకు బరువుండదు కనుక ఈ అభ్యంతరాన్ని పెద్దలు ఎప్పుడో కొట్టేశారు. సతుర్నీనా వెంట ఏది పోవాలో ఎవరూ అడగలేదు. గవర్నరే అని అందరికీ తెలుసు.

నికాసియోకూ తెలుసు. గవర్నరును పంపితే ఆమెకు తోడు దొరుకుతుంది, ఆడవాటికి నల్ల మగది లేక ఆమె మాట ఇక్కడ చస్తుంది. పంపకపోతే మాట నిలుస్తుంది, ఆ ఎత్తున ఆమె ఒంటరిగా నడుస్తుంది. ఎవరినీ సలహా అడగలేదు. ఇలాంటివాటిలో అతనికి ఎప్పుడూ సలహా చెప్పిన మనిషి ఇప్పుడు లేదు.

తెల్లవారుతూనే దొడ్డిలోకి వెళ్ళి, ముదురు గోధుమరంగు ముసలి అల్పాకానొకదాన్ని పట్టుకున్నాడు. అది తనదే, పళ్ళూడింది, ఎప్పుడో విత్తులు కొట్టించింది. కుండ అడుగు మసి గీకి, కొవ్వుతో కలిపి, దాని ముఖానికీ మెడకూ కాళ్ళకూ శ్రద్ధగా పట్టించాడు. గవర్నరు చెవి నుంచి ఎర్ర కుచ్చు విప్పి దానికి కట్టాడు. మిగతా ఒంటిని మూట కింది కంబళి కప్పింది. పక్కనున్న గవర్నరు ఈ నియామకాన్నంతా గడ్డమెత్తి చూసింది.

ఏటి దగ్గర చుట్టాలంతా ఏడుస్తూ బట్టలు పిండుతున్నారు. ముసలి అల్పాకాను తూర్పుకు తిప్పి నిలబెట్టారు. దాని చెవిలో నికాసియో రహస్యంగా, "ఎవరైనా అడిగితే గవర్నరునని చెప్పు," అన్నాడు. మెలితోన్ దాని మెడ పట్టుకున్నాడు. పని అయ్యాక అరచేతులు చూసుకుని, ఏట్లో కడుక్కున్నాడు. పోయి బట్టలు పిండేవాళ్ళలో కలిశాడు.

వానల నడుమ, జనవరిలో, నికాసియో గవర్నరును మూడు ఆడవాటితో విడిచాడు. గవర్నరు విధి నిర్వహణలో లోపం చెయ్యలేదు. ఒక్కొక్కదాని దగ్గరా గొంతులో గుర్రుగుర్రుమంటూ, కూర్చున్నవాటితో కూర్చుని, గంభీరంగా పని ముగించింది. నికాసియో కొంత ఊపిరి తీసుకున్నాడు. ఆమెకు కోపమొచ్చినా, ఒక పిల్ల పుట్టాక చూపించి సర్దిచెప్పవచ్చుననుకున్నాడు.

కొద్దిరోజులకు, మధ్యాహ్నం వానలో, గుట్ట వాలు మీద పిడుగు పడింది. అక్కడ తెల్లవీ ఉన్నాయి, బరువులు మోసే లామాలూ ఉన్నాయి. అన్నింటిలో పోయింది ఒక్క గవర్నరే.

పిడుగు తిన్నదాన్ని మనుషులు తినరు. పడ్డచోటే పూడుస్తారు. మెలితోన్ పార పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ తవ్వారు. గొయ్యి నడుములోతు అయ్యాక మెలితోన్ పార మీద ఆనుకుని నిలబడ్డాడు.

"మా అక్కకి మసి తెలీదనుకున్నావా, బావా?"

"నీకూ తెలిసిందా?"

"చేతులకంటితే తెలీదా?"

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

మెలితోన్ కాసేపు మట్టి ఎత్తిపోశాడు. "నాకూ అది బతికుంటే బాగుండుననిపించింది," అన్నాడు చివరికి. అంతకాలం బొగ్గులన్నవాడు ఆ మాట అనడం నికాసియోకు పిడుగుకంటే తక్కువగా ఏమీ అనిపించలేదు.

నికాసియో ఇంట్లోకి పోయి మళ్ళీ మూట కట్టి తెచ్చాడు, మొదటిదానికంటే పెద్దది. గవర్నరు వీపున కట్టి, "నీ మాట కోసమే ఆపాను. కావాలని కాదు," అన్నాడు. ఎవరితో అన్నాడో మెలితోన్ అడగలేదు.

ఇక మిగిలింది ఒక్క ఆశ. ఆడవి చూలు నిలిపాయా లేదా? దానికి ఆ కొండల్లో ఒకటే పరీక్ష. మగదాన్ని దగ్గరికి తోలితే, చూలున్నది చెవులు వెనక్కి విరిచి, కడుపులోని పచ్చగడ్డి రసం తెచ్చి దాని ముఖాన ఉమ్ముతుంది. ఉత్తది కాళ్ళు మడిచి కూర్చుంటుంది. నాలుగు వారాలు ఆగి, మెలితోన్ తన తెల్లవాటిలో ఒక బలమైన మగదాన్ని తాడు కట్టి తీసుకొచ్చాడు. నికాసియో ఆడవాటికి బాగా దగ్గరగా నిలబడ్డాడు. ఉమ్మి పడితే తన మీద కూడా పడాలని అతని కోరిక. మంచి చొక్కా వేసుకొచ్చాడు కూడా.

మొదటిది తెల్లదాన్ని చూడగానే కూర్చుంది.

రెండోది కొంచెం పక్కకు నడిచి, ఆలోచించి, కూర్చుంది.

మూడోది కదల్లేదు. దాని చెవులు వెనక్కి పోయాయి. మెడ నిటారుగా లేచింది. నికాసియో ఇంకొక అడుగు ముందుకు వేసి, ముఖం దాని ముఖానికి ఎదురుగా పెట్టాడు. అది దవడ ఆడించింది. నోట్లో ఉన్నదాన్ని నెమ్మదిగా మింగింది. ముందు కాళ్ళు మడిచి, వెనక కాళ్ళు మడిచి, మిగతా రెండింటి పక్కన సర్దుకుంది.

తెల్ల మగది అప్పటికే గుర్రుమంటూ మొదటిదాని మీదికి వంగుతోంది. మెలితోన్ తాడు బిగబట్టాడు.

"బావా, వదలమంటావా? గోధుమవో బూడిదవో పుడతాయి. ఏదో ఒకటి ఉంటుంది కదా. మా అక్కవే అవుతాయి."

అతను చెప్పింది తప్పు కాదు. వదలకపోతే ఈ మూడూ ఇట్లాగే ముసలివై, ఒకదాని వెనక ఒకటి పోతాయి. నికాసియో చాలాసేపు వాటి వీపుల వైపు చూశాడు. మబ్బు తొలగి ఎండ పడింది. ఆ నలుపులో ఎక్కడా ఎరుపు లేదు.

"లాగెయ్," అన్నాడు.

మెలితోన్ తన మగదాన్ని బలవంతాన లాక్కుంటూ దొడ్డి దాటించాడు. అది చాలాదూరం వెనక్కి తిరిగి అరుస్తూనే పోయింది. మూడు నల్లవీ ఇంకా కూర్చునే ఉన్నాయి, వాటికి లెమ్మని ఎవరూ చెప్పలేదు కాబట్టి. నికాసియో ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి, డొక్క కింద చెయ్యి పెట్టి, మెల్లగా లేపి నిలబెట్టాడు.