లారీ వెనకాల నడిపించిన మనిషి

మా పాత సిస్టమ్స్ మేనేజర్ గారు పోయారని మంగళవారం ఆఫీసులో టిఫిన్ చేస్తుండగా తెలిసింది. వాళ్ల ఊరు పద్మనాభంలో, ఇంట్లోనే పోయారట. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆఫీసు గ్రూపులో సంతాపం పెట్టేశారు: "మంచి మనిషి. కొత్త టెక్నాలజీతో మాత్రం సర్దుకోలేకపోయారు." ఒళ్లు మండింది. అది అబద్ధం. మీకు ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది విశాఖ పోర్టులో ఓడల సరుకు దించి లారీలకెత్తే కంపెనీ. నేను ప్రోగ్రామర్‌గా చేరిన రోజు ఆయన నాకు కంప్యూటర్ చూపించనేలేదు. తన టోపీ తీసి ఇచ్చారు.

"ఒక లారీ ఎనకాల గేటు కాడ్నుంచి గేటు దాకా నడమ్మా. కంప్యూటర్ ఎక్కడికీ పారిపోదు."

కొత్తగా ఎవరొచ్చినా అదే పద్ధతి. సాయంత్రం బొగ్గు పొడి అంటిన ముఖంతో తిరిగొస్తే పడీపడీ నవ్వి, తన మజ్జిగ సీసా నాకిచ్చేశారు. నాకు వచ్చిన పనంతా ఆయన పెట్టిన భిక్షే.

లోడెత్తిన లారీ ఆరోజే పోర్టు దాటాలని కంపెనీ పట్టుదల. అందుకోసం పెద్ద యాప్ కొన్నారు. కాటా దగ్గర తూకం అవగానే అందులో లారీ 'వెళ్లింది' అని పడిపోయేది. నిజానికి ఆ తర్వాతే టార్పాలిన్ కట్టాలి, గేటు దగ్గర వరుసలో నిలబడాలి. తెరమీద అంతా పచ్చగా ఉండేది, సరుకు తెప్పించుకున్నవాళ్లు ఫోన్లో తిట్టిపోసేవారు. అప్పటి జీఎం, మా పెద్ద సారు, తెరనే నమ్మారు. మేనేజర్ గారు ఆయన్ని మిట్టమధ్యాహ్నం యార్డులోకి, ఆగి ఉన్న లారీల దగ్గరికి నడిపించుకెళ్లారు.

"ఇవన్నీ ఎల్లిపోనాయని మీ తెర సెప్తంది సార్. మరివేటి?"

సారు ముఖం మాడ్చుకున్నారు. యాప్ బాగుందని సంతకం పెట్టమంటే ఈయన పెట్టలేదు.

"కంపెనీ అనుకున్న పని సేయించీ కంప్యూటర్ కావాల గానీ, సేసీసినామని సెప్పీ కంప్యూటర్ మనకెందుకు సార్?"

చివరి గేటు దాటితేనే 'వెళ్లింది' అనేలా పట్టుబట్టి మార్పించారు. ప్రమోషన్ మాత్రం రాలేదు. మేం బాధపడితే "లారీలు కదుల్తన్నాయి కదమ్మా" అనేవారు. నాకంత ఓర్పు లేదు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. వచ్చే వారం ఇంకో కొత్త యాప్ మొదలుపెడుతున్నారు. అదీ కాటా దగ్గరే 'వెళ్లింది' అంటోంది. దాన్ని ఒప్పుకుంటూ సంతకం చేయాల్సింది నేనే.

శుక్రవారం సంతాప సభలో కొత్త జీఎం గారు ఆ 'సర్దుకోలేకపోయారు' ముక్కే మళ్లీ చదివారు. నేను లేవబోతుంటే కొత్త యాప్ కాగితం, పెన్ను నా ముందుకు చాచారు.

"ఎలాగూ అందరం ఉన్నాం కదమ్మా, ఇదీ అయిపోతే..."

"పెట్టను సార్. యార్డులోకి రండి, చూపిస్తాను. ఆయన సర్దుకోలేక కాదు, సర్దుకోకూడదని సర్దుకోలేదు. నేనూ సర్దుకోను."

దండ వేసిన ఫోటో ముందు జీఎం గారి చెయ్యి, పెన్నుతో సహా, అలా చాచే ఉండిపోయింది.