ఓవెన్ తలుపు తప్ప

ఆ వీధిలో ఆయన్ని అందరూ ద్వారపాలకుడు అంటారు. పేరు పెట్టింది మందుల షాపాయన. మూసిన తలుపు కనబడితే చాలు, ఈ మనిషి ఓ పక్కకు జరిగి, చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని, ఎవరైనా వచ్చి తీసేదాకా కదలడు. ఎప్పుడైనా క్లినిక్‌కి వెళ్తే, అక్కడి తెలియనివాళ్లు అదంతా మర్యాద అనుకుని, తలుపు తామే తీసుకుని, ఆయనకో థాంక్స్ చెప్పి మరీ లోపలికి వెళ్తారు. నిజానికది ఏడేళ్ల అలవాటు. జైల్లో ఖైదీ తలుపు ముట్టుకోకూడదు. తీస్తే వెళ్లాలి, వేస్తే ఉండాలి.

విడుదలయ్యాక అక్క ఇంట్లో దిగాడు. పాల ప్యాకెట్ కోసం వెళ్లినవాడు తిరిగొచ్చి గుమ్మం బయట ఆగిపోయేవాడు. స్నానాల గది ముందు తువ్వాలు భుజాన వేసుకుని ఆగిపోయేవాడు. రోజుకు ముప్పైసార్లు లేవలేక ఆమె నడుం పట్టేసింది. "మా ఇంటికి కాలింగ్ బెల్లు అక్కర్లేదు వదినా, బయట ఏ చప్పుడూ లేదంటే మా తమ్ముడు వచ్చాడన్నమాట" అని పక్కింటావిడకు చెప్పి నవ్వేది.

చేసిన పని చిన్నదేం కాదు. ఒకప్పుడు ట్రాలీ ఆటో నడిపేవాడు. బండి ఎక్కడ ఆపాలన్న తగాదాలో జాకీ రాడ్డుతో ఒక పెయింటర్ మోకాలు పగలగొట్టాడు. తాగి లేడు, చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు తిన్నవాడూ కాడు. కోపం వచ్చింది, చేతికి రాడ్డు అందింది, అంతే. మూడంతస్తుల గోడకు నిచ్చెన వేసుకుని రంగులేసే మనిషి, ఆ రోజు నుంచి ఒక్క మెట్టెక్కాలన్నా చేతికర్ర వెతుక్కోవాల్సిందే. ఈ మోకాలి సంగతి ఎత్తకుండా సంస్కరణ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లను నమ్మడానికి లేదు. చచ్చేదాకా లోపలే ఉంచాలనేవాళ్లనూ నమ్మడానికి లేదు. వాళ్లకు పొద్దున్నే వేడి బన్ను కావాలి, చేసినవాడి ముఖం మాత్రం కనబడకూడదు.

బన్ను సంగతి ఎందుకంటే, జైలు ఆయనకు నేర్పిన రెండో విద్య అదే. అక్కడి బేకరీ షెడ్డులో రోజూ నాలుగు వందల మందికి సరిపడా పిండి కలిపేవాడు. ఆ ఏడేళ్లలో ఆయన చేత్తో తెరవనిచ్చిన తలుపు ఒక్కటే, ఓవెన్‌ది. శిక్ష ఎక్కడ ఆగి సంస్కరణ ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించే లావుపాటి పుస్తకాలున్నాయి. ఈయనకు రెండూ ఒకే షెడ్డులో, ఒకే పూట జరిగిపోయాయి.

వీధి చివరి బేకరీ, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడది. బన్నులు చేసే మాస్టర్ మానేసి వెళ్లిపోతే, ఆమె ఈయన్ని పెట్టుకుంది. ఎంత కలపాలో మొదటిరోజు ఈయన అడగలేదు, ఆమె చెప్పలేదు. తెలిసిన కొలతే కలిపాడు. నాలుగు వందల బన్నులు. మూడు రోజులు వీధి వీధంతా అవే తింది. ఆ వారం అరుగుదల మాత్రలు అయిపోయి మళ్లీ తెప్పించాల్సి వచ్చిందని మందుల షాపాయన ఇప్పటికీ చెబుతాడు.

తలుపుల విషయంలో ఆయనతో మెత్తగా ఉండాలని ఒక సేవాసంస్థ అమ్మాయి వచ్చి చెప్పి వెళ్లింది. పెద్దమ్మ విన్నది, తలూపింది. మర్నాడు ట్రే పట్టుకుని లోపలి తలుపు ముందు నిలబడ్డ మనిషితో, "నేను నీ వార్డర్ని కాను నాయనా. చల్లారినవన్నీ నువ్వే తినాలి" అంది. పదకొండు బన్నులు తిన్నాక కూడా ఆయన చెయ్యి గొళ్లెం మీదకు పోలేదు. చివరికి ఆమే దిగొచ్చి, మైదా బస్తా అడ్డంపెట్టి ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేలా చేసింది. వీధివైపు అద్దాల తలుపుతో ఆయనకు పనే లేదు, రాకపోకలన్నీ ఎప్పుడూ తెరిచుండే పెరటి దారినే.

రెండు నెలలకు వీధి వర్తకుల సంఘం పెద్దలు నలుగురు వచ్చారు. అలాంటివాడు ఇక్కడుంటే వీధికి చెడ్డపేరన్నారు. పెద్దమ్మ వాదించలేదు. "దెబ్బ తిన్నది మీరు కాదుగా. తిన్నాయన్నే పిలుద్దాం. ఆయన వద్దంటే ఆ పూటే పంపించేస్తా" అంది. పెయింటర్ శనివారం వస్తానని కబురు చేశాడు. ద్వారపాలకుడికి ఈ మాట చెబితే, "వద్దంటే తప్పేం లేదు పెద్దమ్మా, ఓవెన్ కడిగేసి వెళ్తా" అన్నాడు. పోతే ఇంకో ఓవెన్ దొరకదని ఆయనకు తెలుసు. రోజూ పెద్దమ్మ కొలిచిచ్చే పిండిని ఆ శనివారం మొట్టమొదటిసారి తనే కొలిచి, నలభై బన్నులకే కలిపాడు.

పది గంటలకు పెయింటర్ ఒక్కడే వచ్చాడు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మెట్ల పక్క కమ్మీ. అద్దాల తలుపు దాకా ఎక్కి ఆగాడు. లోపలివైపు ద్వారపాలకుడు, ఎప్పటిలాగే చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడ్డాడు. సంఘం పెద్దలు కుర్చీల్లోంచి చూస్తున్నారు. పెద్దమ్మ చేతుల్లో ట్రే ఉంది. పక్కనే బల్ల ఖాళీగా ఉంది. ఆమె ట్రే దించలేదు.

"ఏం బాబూ, తీస్తావా?" అన్నాడు పెయింటర్ అద్దం అవతలి నుంచి. "నీ పుణ్యమా అని నాకు రెండు చేతులూ ఖాళీ లేవు."

ద్వారపాలకుడు ఓవెన్ తీసినట్టే, సెగ తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని, పిడి పట్టి ఒక్క లాగు లాగాడు. తలుపు గోడకు కొట్టుకుంది. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక అప్పుడు దించింది ట్రే.

పెయింటర్ కూర్చుని ఒక బన్ను తిన్నాడు. రెండోది సగం తిన్నాక నోరు విప్పాడు. "వీడికి వేసిన శిక్ష చాల్లేదు. పద్నాలుగేళ్లు వెయ్యాల్సింది. కోర్టులో ఇదే అన్నాను, ఇప్పుడూ ఇదే అంటాను."

పెద్దలు తలలూపారు. ద్వారపాలకుడు కూడా ఊపాడు.

"కానీ వేసింది ఏడు. అవి అయిపోయాయి. మిగతా ఏడూ వెయ్యడానికి మీరెవరండీ?" అన్నాడు వాళ్లవైపు తిరిగి. "బన్ను మాత్రం బాగుంది. ఇంకోటి ఇవ్వు పెద్దమ్మా."

క్షమించినట్టేనా అని ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. బన్నుకీ దానికీ ఏం సంబంధమని పెయింటర్ విసుక్కున్నాడు. అప్పట్నుంచి శనివారం శనివారం వచ్చి కర్రతో అద్దం మీద కొడతాడు. ద్వారపాలకుడు ముఖం పక్కకు తిప్పుకుని తలుపు లాగుతాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు.

ఆ మొదటి శనివారం సాయంత్రం, అక్క వంటింట్లో ఉండగా వీధి తలుపు దానంతటదే తెరుచుకున్న చప్పుడైంది. ఆ ఇంట్లో అలాంటి చప్పుడు విని నెలలైంది. దొంగే అనుకుని ఆమె చీపురు ఎత్తి పట్టుకుని హాల్లోకి వచ్చింది. గుమ్మంలో తమ్ముడు, చేతిలో బన్నుల సంచితో.

"కొట్టకే అక్కా," అన్నాడు. "నేనే తీశాను."