గుండీల డబ్బాలో మడతకత్తి

ఆ వీధిలో వదులుగా ఉన్న వస్తువేదీ బిగింపక్క కంటపడి తప్పించుకోలేదు. పక్కింటివాళ్ళ మూకుడు పిడి ఊగుతోందంటే అడక్కుండానే పట్టుకుపోయి బిగించి తెచ్చేది. ఎదురింటి పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీంచి జారితే, ఆయన మొదలుపెట్టిన మాట పూర్తయ్యేలోగా దాని మర తిప్పేసి మళ్ళీ ముక్కునే తగిలించేది. మెట్ల కమ్మీ, సైకిలు సీటు, బడిపిల్లల కుర్చీ కాళ్ళు, అన్నిటికీ ఆవిడ చేతి బిగువు తెలుసు. "ఊగే పన్నుంటే అక్క ఎదురుగా నోరు తెరవకండ్రోయ్" అని జనం నవ్వుకునేవారు. ఆవిడా నవ్వేది. నవ్వుతూనే తలుపు బందుల వైపు చెవి వేసేది.

ఆ చెవి ఎందుకు వేసేదో ఎవరూ అడగలేదు. అడగాల్సింది.

వయసులో ఉన్నప్పటి నుంచీ ఆవిడది మడతకత్తుల కార్ఖానాలో పని. పొడుగాటి బల్ల, బల్లకి అటూ ఇటూ ఆడవాళ్ళు, పైన ఎప్పుడూ మినుకు మినుకుమనే ట్యూబులైటు. కత్తి అలుగుని, అదే కోసే రేకుని, పిడి గాడిలో కూర్చోబెట్టి, రెండింటికీ కలిపి ఇత్తడి రివిట్ దూర్చి, చిన్న సుత్తితో దాని తల నలగ్గొట్టాలి. తర్వాత కత్తిని చెవి దగ్గర ఊపి చూడాలి. లొడలొడమందా, పక్కనున్న చెత్త తొట్లోకి. ఏ చప్పుడూ లేకపోతేనే ముందుకి. బిగింపక్క కొట్టిన కత్తి నోట్లో నీళ్ళు పోసుకున్నదానిలా ఉండేది, ఎంత ఊపినా కిక్కురుమనేది కాదు. ఆ పేరు అక్కడే వచ్చింది.

అది తెరుచుకుంటుందో లేదో చూడటం మాత్రం ఆవిడ వంతు కాదు. అది పక్కబల్ల వాళ్ళ పని. వాళ్ళు నూనె చుక్క వేసి, నాలుగుసార్లు తెరిచి మూసి, మరీ బిగుతుగా ఉంటే వెంట్రుకవాసి సడలించేవారు. ఈ బల్లమీద బిగింపు, ఆ బల్లమీద సడలింపు. అలా రెండు చేతులు పడితేగాని కత్తి కత్తి అయ్యేది కాదు.

ఇంట్లో పక్కబల్ల ఉండదు కదా. ఆవిడ మరిచిపోయింది అదే.

మొగుడు టైర్లకు పంక్చర్లు వేసే మనిషి. చలికాలం వచ్చిందంటే చాలు, అన్నగారితో కలిసి కొండల మీదకి వేటకు పోయేవాడు. ఆయన దగ్గరున్నది వాళ్ళ కార్ఖానా కత్తే, చవక రకం, చెక్కపిడిది. వాడి వాడి దాని కీలు వదులైపోయింది. బయల్దేరే రోజు పొద్దున ఆయన సంచీ సర్దుకుంటుంటే ఆవిడ కత్తి లాక్కుని చెవి దగ్గర ఊపింది.

"ఛీ ఛీ, ఇదేం కత్తయ్యా! ముసలమ్మ దవడలాగా ఊగుతోంది. ఇది నా పెనిమిటి కత్తి అంటే నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు."

"అడవిలో నలుగురెక్కడే? పందులుంటాయి. అవేం అనుకోవులే."

"ఇటు తే."

సన్నికల్లు మీద పెట్టి రెండు దెబ్బలు వేసింది. మళ్ళీ ఊపింది. చప్పుడు లేదు. మొహం వెలిగిపోయింది. ఆయన అలుగు మీది గోటిగంటులో గోరు పెట్టి లాగితే గోరు వంగింది గానీ అలుగు కదల్లేదు. రెండోసారికి కష్టమ్మీద వచ్చింది.

"ఏమే, ఇంక దీన్ని పళ్ళతో తీయాలి కాబోలు!"

"గట్టి పళ్ళేగా, తీసుకో. ఇదిగో, ఇంకో మాట. తెరిచిన కత్తి ఎక్కడపడితే అక్కడ పారెయ్యకు. పిల్ల పాకుతోంది. పని కాగానే మూసెయ్యి."

"చిత్తం మహాప్రభో, మూసేస్తా."

టక్. మూసి జేబులో పెట్టుకుని పోయాడు.

కొండమీద వాన పట్టుకుంది. మంచులాంటి వాన. అన్నదమ్ములు ఒకరికొకరు కనపడకుండా పోయారు. వాన తెరిపిచ్చాక వెతికితే ఆయన ఒక బండకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు డొక్కలోకి ముడుచుకుని, చలికి అలాగే పోయాడు.

సామాను తెచ్చి ఇచ్చింది బావగారే. గడప దాటలేక అక్కడే నిలబడ్డాడు. "అగ్గిపుల్లలు నాలుగైదు గీశాడమ్మా. అంటుకోలేదు. తడికొమ్మకి పైబెరడు చెక్కేస్తే లోపల పొడి చెక్కే కదా, అది వాడు నాకు నేర్పిన విద్యే. కత్తి మాత్రం జేబులోనే ఉంది. మూసే ఉంది. అంత తెలిసినవాడు ఎందుకు తీయలేదో..." అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఎందుకు తీయలేదో ఆ గదిలో ఒక్క మనిషికే తెలుసనిపించింది. ఆ మనిషి చెయ్యి చాచి కత్తి అందుకుంది. వేళ్ళు కొంకర్లు పోయిన మొగుడు, తన రివిట్‌తో పెనుగులాడుతూ కళ్ళముందు కూర్చున్నాడు. కత్తిని పాత రవికగుడ్డలో చుట్టి, గుండీల డబ్బాలో అడుగున పెట్టి, పైన గుండీలు పోసేసి, డబ్బాని బీరువాలో దాచేసింది. తెరిచి చూడలేదు. ఇప్పుడు తెరుచుకోకపోతే తుప్పు అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ చెయ్యి పెట్టగానే ఆ బిగువు తన చేతికి తెలిసిపోతుంది. ఆ చేతిని ఎలా మభ్యపెడుతుంది?

ఆ తర్వాతే చప్పుడు మొదలైంది. దీపాలు పెట్టే వేళకి, బీరువా ఉన్న గదిలోంచి, టక్. ఒక్కటే. పరిగెత్తి చూస్తే ఏమీ ఉండదు. తలుపు బందేమో అని బందు బిగించింది. కిటికీ గొళ్ళెమేమో అని గొళ్ళెం బిగించింది. బీరువా చేయి, మంచం కోడు, గోడగడియారం మేకు, ఒక్కటీ వదల్లేదు. తన ఇంట్లో బిగించడానికి ఏమీ మిగలక వీధిలోకి వచ్చింది. పక్కింటి మూకుడు అయినా మోగుతోందేమో! జనం నవ్వుకున్న వెర్రి అదీ. చప్పుడు మాత్రం ఆగలేదు.

పాకే పిల్ల పెరిగి పెద్దదై పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది. ఈ చలికాలం తోటి ఉద్యోగులతో కొండల మీదకి బయల్దేరింది. గుడారాలు వేసుకుని ఉంటారట, పంటలు పాడుచేసే పందుల్ని కొట్టడానికి అనుమతి కూడా తీసుకున్నారట. అన్నం తింటూ మామూలుగా అడిగింది.

"అమ్మా, నాన్న కత్తి ఉందిగా. అదిచ్చెయ్, పట్టుకుపోతా."

ఆవిడ కూతురి కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. "అది పనికిరాదు. తుప్పు."

"చూశావా?"

"నువ్వు తిను. రేపు కొత్తది కొందాం."

తాళాల షాపాయన్ని వీధంతా బాబాయనే పిలుస్తుంది. ఇరుకు షాపు, గోడ నిండా తాళాలు, టార్చిలైట్లు, గాజుపెట్టెలో కత్తులు. మీట నొక్కితే ఠపీమని తెరుచుకునే మెరుపుకత్తి ముందు తీశాడు.

"వద్దు బాబాయ్. లోపల స్ప్రింగులో ఇసుక పడితే దీని పెళ్ళి అయిపోతుంది."

కత్తెర, ఆకురాయి, సీసామూత తీసేది, అన్నీ ఒకే పిడిలో ఇమిడిన లావుపాటిది తీశాడు.

"ఇది కత్తా, ఉమ్మడి కుటుంబమా? ఒకణ్ణి పిలిస్తే నలుగురు లేస్తున్నారు."

నల్లటి పెద్దది తీశాడు. అలుగు జానెడు పొడవు. "వేటగాళ్ళు ఇదే అడుగుతారమ్మా."

"ఫొటో తీయించుకోవడానికి అడిగుంటారు. అరచెయ్యంత అలుగు చాలు. అంతకంటే పొడవైతే సన్నపనికి లొంగదు. లాకు ఉండాలి, నొక్కిపట్టినప్పుడు మన వేళ్ళమీదకే మడతపడకుండా. మామూలు స్టీలు చాలు, రాయిమీద నూరుకుంటే పదును రావాలి. అంతేగాని ఖరీదు చూసి పంది భయపడదు."

బాబాయి గొణుక్కుంటూ ఇంకో నాలుగు రకాలు పరిచాడు. అప్పుడు ఆవిడ పక్క సోడాకొట్టులోంచి గిన్నెడు ఐసు తెప్పించమంది.

"ఐసా? కత్తి కొంటున్నావా తల్లీ, చేపలు అమ్ముతున్నావా?"

ఆవిడ గిన్నె దగ్గరికి లాక్కుంది. ఐసునీళ్ళలో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి నిలబడింది. వేళ్ళు ఎర్రబడ్డాయి, తర్వాత తెల్లబడ్డాయి. కూతురు భుజం లాగింది.

"అమ్మా, ఏంటిది, జనం చూస్తున్నారు."

"చూడనీ."

మొద్దుబారిన ఎడమచేత్తో ఒక్కొక్క కత్తీ తెరవబోయింది. గోటితో లాగాల్సినవేవీ రాలేదు, గోరు ఎక్కడుందో గోటికే తెలియడం లేదు. వేళ్ళు జారిపోతుంటే ఒకటి పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. చివరికి ఒకటి వచ్చింది. అలుగు వీపున బొటనవేలు పట్టేంత కంత ఉంది. మొద్దువేలు ఆనించి తోస్తే మెత్తగా తెరుచుకుని లాకు పడింది. గరుకు ప్లాస్టిక్ పిడి, నారింజ రంగు, గడ్డిలో పడ్డా కనపడుతుంది. కీలు దగ్గర రివిట్ లేదు, మర ఉంది. మూడుసార్లు తీసింది, మూడుసార్లూ వచ్చింది. ధర కూడా అందుబాటులోదే.

"ఇది కాస్త ఊగుతోందమ్మా, ఉండు బిగించి ఇస్తా" అని బాబాయి స్క్రూడ్రైవరు తీశాడు.

"ముట్టుకోకు!"

షాపులో అందరూ తిరిగి చూశారు. ఐసులోంచి తీసిన చెయ్యి ఆయన మణికట్టుని పట్టేసుకుంది. "ఊగనీ బాబాయ్. ఆ కాస్తా ఊగనీ."

ఇంటికొచ్చాక కూతురు కత్తిని సంచీలో పెట్టింది. తలుపు వేశాక అమ్మ ఎదురుగా కూర్చుంది.

"వీధిలో మూకుళ్ళని బతకనివ్వనిదానివి, నువ్వు ఊగనీ అన్నావు. ఏమైందో చెప్పు. నాన్న సంగతేనా?"

చెప్పింది. సన్నికల్లు, రెండు దెబ్బలు, పళ్ళతో తీయాలి కాబోలన్న నవ్వు, గడపలో బావగారి మాట, బీరువాలో దాచిన గుండీల డబ్బా. చెప్పినంతసేపూ తన చేతుల్ని వేరే ఎవరివో చూసినట్టు చూస్తూ చెప్పింది.

కూతురు లేచి ఆ డబ్బా తెచ్చి నేలమీద బోర్లించింది. గుండీలు మంచం కిందికి, మూలల్లోకి దొర్లిపోయాయి. గుడ్డ విప్పి కత్తిని కిటికీ వెలుగులోకి పట్టింది.

"అమ్మా, ఈ గుంటలేంటి? ఎలుక కొరికిందా?"

గోటిగంటు పక్కనే, చెక్కపిడి అంచుమీద అటూ ఇటూ చిన్న చిన్న నొక్కులు. ఆవిడ వేలితో తడిమింది. కింది వరస, పై వరస.

"ఎలుక కాదే" అంది. "మీ నాన్న."

కూతురు కుట్టుమిషను నూనె తెచ్చి కీలులో పోసింది. నానాక పట్టుకారుతో అలుగు పట్టి కొద్దికొద్దిగా లాగింది. కిర్రుమంటూ వచ్చింది. పిడి గాడి ఖాళీగా లేదు. లోపల సన్నటి చెక్కతొక్కలు చుట్టలు చుట్టుకుని, అణిగిపోయి, ఎండి గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. అలుగుమీద జిగురు మరక.

"తీశాడమ్మా" అంది కూతురు. "పళ్ళతోనే తీశాడు. పొడి చెక్క చెక్కాడు కూడా. వానకి నిప్పు నిలవలేదు, అంతే. కింద పడ్డ తొక్కల్ని ఆ వానే ఊడ్చుకుపోయుంటుంది."

ఆవిడ ఒక తొక్క తీసి అరచేతిలో వేసుకుంది. దానికి బరువే లేదు.

"ఒకటి మాత్రం తెలీడం లేదు" కూతురు మళ్ళీ అంది. "అంత కష్టపడి తెరిచినవాడు, చేతులు పనిచేయని చలిలో, మళ్ళీ ఎందుకు మూశాడు?"

ఆవిడకి తెలుసు. పని కాగానే మూసెయ్యి. నిప్పు అంటుకోకపోయినా చెక్కే పని అయింది కదా. ఇంట్లో పిల్ల పాకుతోంది కదా. మొద్దుబారిన రెండు అరచేతుల మధ్య నొక్కి నొక్కి మూసి ఉంటాడు. చెప్పబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అది మొదలు ఆవిడ చెవికి ఇంకో సంగతి పట్టింది. మడతకత్తి తెరిస్తే చప్పుడు కిర్రుమని సాగి ఆగుతుంది. మూస్తే ఒక్కటే దెబ్బ. కార్ఖానాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేది ఆ తేడా. బీరువా గదిలోంచి ఇన్నాళ్ళూ వినపడింది మూసే చప్పుడు.

కూతురు నారింజరంగు కత్తితో వెళ్ళింది. మర్నాడు దీపాలు పెట్టే వేళకి కొండమీంచి ఫోను చేసింది. గాలి హోరులో మాట తెగి తెగి వస్తోంది.

"అమ్మా, ఇక్కడ చలి కొరికేస్తోంది. చేతులు కట్టెలైపోయాయి. కానీ తెరుచుకుందే, ఒంటిచేత్తో, మొదటిసారికే. నిప్పు కూడా రాజుకుంది."

"వాన ఉందా?"

"లేదు. మబ్బు కూడా లేదు. నువ్వు తిన్నావా?"

"నా తిండి సరే. కత్తి ఏం చేశావు?"

"ఇదిగో, చేతిలోనే ఉంది. ఆగు."

ఫోనులో టక్.

ఫోను పెట్టేసి ఆవిడ చాపమీద కూర్చుంది. మంచం కిందికి దొర్లిపోయిన గుండీలు ఇంకా ఏరలేదు, అక్కడక్కడా మెరుస్తున్నాయి. కాసేపటికి బీరువా గదిలోంచి ఆ చప్పుడు వచ్చింది, రోజూ వచ్చినట్టే, ఒక్కటి. ఆవిడ స్క్రూడ్రైవరు కోసం లేవలేదు. చీకటి పడుతున్న గదిలోకి మొహం తిప్పింది.

"విన్నావుగా" అంది, "మూసింది."