కిటికీ గట్టు మీది తెల్ల బంతి

2024 జనవరి 9, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు కోల్‌కతా దిగువన బడ్జ్ బడ్జ్‌లో నది ఒడ్డున ఉన్న పాత జూట్ మిల్లు గోదాము తలుపు తెరిచారు. ఆనాటి డైరీలో నేను రాసుకున్న మొదటి వాక్యం ఇది. రెండవది: పొగమంచు, నది కనిపించడం లేదు.

గురువారం నుంచి ఆ గోదామును విప్పబోతున్నారు. లోపల పన్నెండు జతల పోత ఇనుప స్తంభాలున్నాయి. వాటిని విప్పి, మరొకచోట కట్టబోయే భవనంలో ఇప్పుడున్న ఎడాలతోనే తిరిగి నిలబెట్టాలని యజమానులు సంకల్పించారు. విప్పకముందే లేజర్ స్కానర్‌తో కొలిచి, ఒక్కొక్క స్తంభం ఎక్కడ ఉన్నదో చెప్పడం మా పని. పొరపాటు ఆరు మిల్లీమీటర్లకు మించరాదన్నది ఒప్పందం.

ఆ పనిలో నాకు సంబంధించిన షరతు ఇంకొకటి ఉంది. మా సంస్థకు ఉన్నది ఒక్కటే స్కానర్. అది కోల్‌కతాలో ఉండాలా, హైదరాబాదు కార్యాలయానికి వెళ్ళాలా అన్నది ఈ పనిని బట్టి తేలుస్తామని డిసెంబరులో పైనుంచి కబురు వచ్చింది. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో ఒక్కొక్క బిందువునే కొలుస్తూ వచ్చినదాన్ని, స్కానర్ పనిని రెండేళ్ళపాటు కూర్చుని కొత్తగా నేర్చుకున్నాను. అది వెళ్ళిపోతే దాని వెంట నేనూ వెళ్ళాలి, లేదా పాత పనికి తిరిగి రావాలి.

మా కార్యాలయంలో అందరూ నేను సంతోషంగా వెళతాననే అనుకున్నారు. నాతో కొలతల పనికి వచ్చే సహాయకుడు, నా ఈడు బెంగాలీ, ఒకనాడు టీ తాగుతూ అన్నాడు.

“మీకేం దీదీ, సొంత దేశానికి పోతారు.”

బెంగాలీలో దేశమంటే సొంత ఊరు. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడి డాక్‌లో పనికి వచ్చాడు. నేను ఇక్కడే, మెటియాబ్రుజ్‌లో పుట్టాను. హైదరాబాదును రెండుసార్లు చూశాను, రెండుసార్లూ శిక్షణ కోసమే. ఈ సంగతి అతనికి చెప్పాను.

“అయితే అక్కడ మీరు మా బెంగాలీవాళ్ళ లెక్కే,” అని నవ్వాడు.

స్కానర్ మూడు కాళ్ళ మీద నిలబడి, తనచుట్టూ తాను తిరుగుతూ, కంటికి ఆనిన ప్రతి వస్తువు దూరాన్నీ కొలుస్తుంది. గోడ అడ్డం వస్తే అవతల ఉన్నది దానికి తెలియదు. అందుకని యంత్రాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చి మళ్ళీ కొలవాలి. ఆ రెండు కొలతలనూ అతికేవి, కొబ్బరికాయంత ఉండే తెల్లటి బంతులు. రెండు చోట్ల నుంచీ అవే మూడు బంతులు కనబడాలి. ఈలోగా అవి వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

ఆ గోదాము మధ్యలో ఒక అడ్డుగోడ, దానికి ఒకే గుమ్మం. గోడకు ఇవతల ఎనిమిది జతలు, అవతల నది వైపున నాలుగు జతలు. గుమ్మానికి అటూ ఇటూ రెండు బంతులు ఉంచాము. మూడవదాన్ని ఇవతలే దూరంగా, గుమ్మంలోంచి కనబడే కిటికీ గట్టు మీద పెట్టాము. మంచు విడేసరికి పది దాటింది. అంతవరకూ పని సాగనందువల్ల తరువాత తొందర పడ్డాము.

ఇవతలి కొలత పూర్తయ్యాక యంత్రాన్ని గుమ్మం దాటించాను. ఆ మూడూ కాక, ఇవతలి కొలతకు వాడిన, ఇక అక్కరలేని బంతులను సహాయకుడు తీసుకురావాలి. అదే సమయానికి గోదాము కాపలాదారు కిటికీ దగ్గరకు వచ్చి, గట్టు మీద చెయ్యి వేసి నిలుచున్నాడు. అరవై దాటిన మనిషి; ఆయనదీ శ్రీకాకుళం వైపే. ఉదయం నా మాట విని ఊరు అడిగి, అప్పటినుంచి నన్ను అమ్మా అనీ సహాయకుణ్ణి దాదా అనీ పిలుస్తున్నాడు. నా బంతికి ఆయన అడ్డంగా ఉన్నాడు.

“బాబాయ్, కాస్త పక్కకు జరగండి!” అని కేకవేశాను.

నదిలో లాంచీ కూత వేసింది.

“ఏటీ?” అన్నాడాయన.

“పక్కకు!” అన్నాను. ఆయన జరిగాడు. నేను వంగి యంత్రాన్ని సమతలం చేసుకుంటూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం కార్యాలయంలో రెండు కొలతలనూ అతికాను. కిటికీ గట్టు బంతి దగ్గర తేడా ఇరవై ఆరు మిల్లీమీటర్లు చూపింది. మళ్ళీ చేశాను, అదే వచ్చింది. హైదరాబాదులోని మా పై అధికారికి ఫోను చేశాను.

“ఆ ఒక్క బంతిని లెక్కలకెల్లి తీసెయ్యండి మేడమ్,” అన్నాడు. “రెండు ఉన్నయి కదా. రిపోర్టు మంచిగ వస్తది.”

తీసి చూశాను. తేడా రెండు మిల్లీమీటర్ల లోపుకు దిగింది. మా వృత్తిలో బంతులు తగ్గినకొద్దీ అంకె అందంగా వస్తుంది, ఎందుకంటే కాదనే సాక్షి ఉండదు. గుమ్మం దగ్గరి రెండు బంతులూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాటినే నమ్ముకుంటే గుమ్మం దగ్గర అంతా సరిగ్గానే ఉంటుంది. నది వైపు చివరి స్తంభాలు మాత్రం మా కొలతలో ఎంత పక్కకు జరిగాయో ఎవరూ చెప్పలేరు.

“రేపు మళ్ళీ వెళ్ళి కొలుస్తాము,” అన్నాను.

“మీ ఇష్టం. కానీ క్లయింట్‌కు బుధవారం సాయంత్రం దాకనే టైమున్నది, యాదిపెట్టుకోండి.”

బుధవారం మంచు లేదు. మేము వెళ్ళేసరికి అడ్డుగోడా లేదు. విప్పే కాంట్రాక్టరు ఒక రోజు ముందుగా, రాత్రికి రాత్రే, నది వైపు నుంచి పని మొదలుపెట్టాడు. పడవలోకి ఎక్కించడానికి అనువుగా ఉంటుందని నాలుగు జతల స్తంభాలనూ వరుసగా నేలమీద పడుకోబెట్టారు. ప్రతిదానికీ సుద్దతో గుర్తు పెట్టారు. అవి నిలుచున్న గుంతల్లో అప్పటికే ఇటుక ముక్కలు పోశారు.

ఇవతలి ఎనిమిది జతలనూ మళ్ళీ కొలిచాము. యంత్రం తిరుగుతూ ఉండగా సహాయకుణ్ణి అడిగాను, కిటికీ గట్టు బంతిని నిన్న ఎవరైనా ముట్టుకున్నారా అని.

“నేనే తీశాను దీదీ. తీసి రెండడుగులు వేశాక, మూడు ఉండాలి కదా అని గుర్తొచ్చింది. దుమ్ములో దాని గుర్తు గుండ్రంగా కనిపిస్తూనే ఉంది, అందులోనే పెట్టేశాను.”

“ఎవరు తియ్యమన్నారు?”

అతను కాపలాదారు వైపు చూపించాడు. “ఆయన దాని పక్కనే చెయ్యి పెట్టి ‘ఎటి’ అన్నారు. మీరు చెప్పమన్నారనుకున్నాను.”

బెంగాలీలో ‘ఎటి’ అంటే ‘ఇది’. కాపలాదారుకు ఆపాటి బెంగాలీ అర్థమవుతుంది.

“ఓలమ్మో! నానెక్కడ తియ్యమన్నాను? అమ్మ ఏదో కేకేసింది, ఇనపడ్నేదు, ‘ఏటీ’ అన్నాను. ఏటి అంటే ఏటే! ఇంకేటి?”

“చూశారా దీదీ, మళ్ళీ అంటున్నారు. ఇప్పటికి నాలుగు బంతులు తీయించారు.”

“ఈ దాదాకి సెవులున్నాయా, అమ్మేసుకున్నాడా?”

“‘ఇది’ అనడానికి మేమైతే ‘ఎటా’ అంటాము. ‘ఎటి’ అనేది మర్యాదగా మాట్లాడేవాళ్ళు. ముసలాయన బాగా చదువుకున్న మనిషి అనుకున్నాను.”

నేను ఆ మాటను కాపలాదారుకు తెలుగులో చెప్పాను.

“నలభై ఏళ్ళయింది ఈ బెంగాలోళ్ళ మజ్జిని,” అన్నాడు. “నన్ను సదువుకున్నోడన్నోడు ఈయనొక్కడే. టీ నాను ఇప్పిస్తానమ్మా.”

టీ తాగాము. మా ఇంట్లోనూ ‘ఏటి’ అనే అంటాము. ‘ఎటి’ని నేను బడిలో, బజారులో రోజూ విన్నాను. రెండు మాటలూ తెలిసినదాన్ని ఆ గోదాములో నేనొక్కదాన్నే. అయినా అన్నది తెలుగువాడు కనుక నా చెవికి అది తెలుగుగానే చేరింది. దాని రెండవ అర్థం ఉదయమంతా నా పక్కనే బంతులు మోస్తూ తిరిగిన మనిషి చెవికి వెళ్ళింది.

సాయంత్రం నివేదిక రాశాను. ఎనిమిది జతల స్థానాలు ఒప్పందానికి లోబడి ఉన్నాయనీ, నది వైపు నాలుగు జతలకు తమలో తమకు ఉన్న ఎడాలు సరైనవే గాని మిగతా ఎనిమిదింటితో వాటి సంబంధం అనిశ్చితమనీ రాశాను. పంపే ముందు అధికారికి చదివి వినిపించాను.

“ఈ చివరి వాక్యం అవసరమా మేడమ్?”

“ఆ స్తంభాల మీద పైకప్పు కూర్చుంటుంది సార్.”

“అది నిజమే,” అన్నాడు. “స్కానర్ సంగతి మీకు ఎరుకనే కదా.”

“ఎరుకే,” అన్నాను. అది మా ఇంటి మాట కాదు. ఆయన మాటే తిరిగి ఇచ్చాను.

యజమానుల ఇంజనీరు నివేదికను తీసుకున్నాడు. ఎనిమిది జతలనూ పాత ఎడాలతో నిలబెట్టడానికీ, తక్కిన నాలుగింటినీ విడిగా ఒక వరండాకు వాడడానికీ నిర్ణయించారు. ఒప్పందం మొత్తంగా నెరవేరలేదని మా సంస్థకు రాశారు. ఫిబ్రవరిలో స్కానర్‌ను పెట్టెలో సర్ది హైదరాబాదు పంపాము. సర్దేముందు సహాయకుడు బంతులన్నిటి అడుగునా నల్లరంగుతో అంకెలు వేశాడు. ఇక ఎవరైనా ఇది, అది అనకుండా అంకె చెప్పాలని అతని ఉద్దేశం. హైదరాబాదు నుంచి నన్నూ రమ్మన్నారు. నేను రానని రాశాను.

పోయినవి: నాలుగు జతల స్తంభాలు నిలుచున్న చోటు, స్కానర్, దానితోపాటు రెండేళ్ళు నేర్చిన పని. మిగిలినవి: ఎనిమిది జతల స్తంభాలు, టోటల్ స్టేషన్, మెటియాబ్రుజ్‌లో ఇల్లు, నాతో పనికి వచ్చే అదే సహాయకుడు. పనిచోట నేను ఏదైనా ముట్టుకోవద్దన్నప్పుడు అతను ఇప్పటికీ ఒకసారి ఆగి, “ఏటి?” అని తెలుగులో అడుగుతాడు.