తారు పూసిన పడవ

ఆరల్ సముద్రం ఒడ్డునున్న మొయ్నాక్ ఊరి జాలర్ల ఇళ్లలోంచి వచ్చి జంతుశాస్త్రం చదివి, నూకుస్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మొదటి స్త్రీ సర్బినాజ్. చేప పొలుసు చేతిలో పెడితే గీతలు లెక్కపెట్టి వయసు చెప్పేసేది. “మా పిల్ల చేపలకు జాతకం చెబుతుంది” అని తండ్రి ఎరెజెప్ ఊరంతా కోతలు కోసేవాడు.

ఆరల్ సముద్రం వెనక్కి జరగడం మొదలైన ఏడు ఆమె సెలవులకు ఇంటికి వచ్చింది. జాలర్లంతా వాకిట్లో చేరారు. అందరిలో పెద్దవాడైన కల్‌బాయ్ అక్కడి మర్యాద ప్రకారం గిన్నెలో సగమే చాయ్ పోసి, తాను తాగకుండా ముందు ఆమెకు అందించాడు.

“ఉండమంటావా, పొమ్మంటావా తల్లీ? నీ మాటెలాగంటే అలాగే.”

తెలియదు అనాలి. చదువు ఎక్కువైనవాళ్లకు ముందు మరుపొచ్చేది ఆ మాటే. ముసలాయన ఇచ్చిన గిన్నె చేతిలో పట్టుకుని ఆ మాట అనలేకపోయింది.

“రెండేళ్లలో నీళ్లు తిరిగొస్తాయి తాతా.”

పదకొండేళ్లు గడిచాయి. పడవల కింద ఇసుక, ఇసుక మీద ఉప్పు మిగిలాయి. ఆ ఉప్పుగాలికి దగ్గుతూనే ఊళ్లో సగంమంది ఉండిపోయారు. ఎరెజెప్ మాత్రం ప్రతి వసంతంలో, రేపే నీళ్లలోకి దించబోతున్నట్టు, పొడినేల మీది పడవకు తారు పూసేవాడు.

అతని చివరి రోజుల్లో సర్బినాజ్ మంచం పక్కన కూర్చుని ఏడ్చింది.

“నన్ను నమ్మి చెడిపోయావు నాన్నా.”

“నమ్మానని ఎవరన్నారే? నలభై ఏళ్లు ఆ నీళ్లలో బతికినోణ్ణి. రావని ఆ రోజే తెలుసు.”

“మరి ఆ తారు?”

“నేను పూయకపోతే, కన్నతండ్రే నమ్మలేదనేవాళ్లు. నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?”

తండ్రిని సాగనంపాక ఆమెకు మనసు ఆగలేదు. కల్‌బాయ్ ఇంటికి వెళ్లి, తలవంచుకుని నిలబడింది.

“తాతా, ఆ రోజు నాకు తెలియకపోయినా తెలిసినట్టు చెప్పాను. నా మాటకు మీరంతా ఇక్కడే ఉండిపోయారు.”

ముసలాయన దగ్గు ఆపుకుని నవ్వాడు. “నీ మాటకా? నువ్వు పిల్లదానివి, రెండేళ్లు చూసి మూటలు సర్దుకుని పోయేవాళ్లమే. మీ నాన్న ఏటా తారు పూస్తుంటే ఆగిపోయాం. అంతటి జాలరి ఊరికే పూస్తాడా?”

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పోయిన తండ్రి ఊరందరికీ అబద్ధాలకోరవుతాడు. ముసలాయన మళ్లీ సగం గిన్నె చాయ్ ఇస్తే, అందుకుని తాగింది.

తర్వాత ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పింది. ఏటా మొదటి రోజు పిల్లలతో, “తెలియకపోతే తెలియదనండి” అనేది. ఎందుకని ఎవరైనా అడిగితే పొలుసుల పెట్టె తెరిచి, తల దించుకుని పాఠం మొదలుపెట్టేది.