మా మేనకోడలి మూడో పేరు

మా అన్నయ్య కూతురికి పేరు పెట్టింది నేను. బారసాలనాడు ఉయ్యాల మీదికి వంగి దాని చెవిలో ఆ పేరు పిలిచిందీ నేనే. అది మా అమ్మ పేరు. ఇక్కడ బర్మాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఉన్నట్టే దానికీ కాయితాల కోసం ఒక బర్మా పేరు ఉంది. బడిలో, వీధిలో అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. అన్నయ్యా వదినా కూడా నెమ్మదిగా దానికే అలవాటుపడ్డారు. చివరికి నేను పెట్టిన పేరుతో పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకు బాధపడలేదు సరికదా, లోపల గర్వంగానే ఉండేది. ఆ పిలుపుకి అది పలికేది నాకు మాత్రమే గదా అనుకునేదాన్ని.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఊరి నడిమధ్య చౌక్తడాలో ఒక వకీలు దగ్గర టైపు పని చేస్తూ, తామ్వే పేటలో అన్నయ్య కుటుంబంతోనే ఉంటున్నాను. దాని చిన్నప్పుడు ఆదివారాలు కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించాను. ఇప్పుడు తడుముకుంటూ చదువుతుంది. మాట్లాడితే మాత్రం సగం బర్మా, సగం మనది.

చదువు మధ్యలో ఆగిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో అది స్పానిష్ నేర్చుకుంటానంది. మెక్సికో, చిలీ వాళ్ళతో ఫోనులో మాట్లాడే ఉద్యోగాలున్నాయట, ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చట. నేర్పేది ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. మా ఆఫీసుకి దగ్గర్లోనే, ఒక పాత మేడ పై అంతస్తులో క్లాసు.

మొదటివారంలోనే ఒక సాయంత్రం చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చింది.

"అత్తా, మా సయామా నాకు స్పానిష్ పేరు పెట్టింది." సయామా అంటే బర్మాలో టీచరమ్మ.

"నీకు పేర్లేటి తక్కువయ్యాయా?"

"క్లాసులో అందరికీ పెట్టింది. నాదే బావుంది. ఇనత్తా," అని ఆ పేరు పలికింది. చివర్లో 'ర'ని నాలుక మీద దొర్లించి, మళ్ళీ ఒకసారి పలికింది.

నెల తిరక్కుండానే వదిన కూడా దాన్ని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్నయ్య టీ తాగుతూ పిలిచాడు. "బావుందే, నోరు బాగా తిరుగుతంది," అన్నాడు. మా అమ్మ పేరుకి ఏనాడూ తిరగని నోరు వాడిది. నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాత ఇంట్లో ఏ మాట వచ్చినా సయామాయే. సయామా ఇలా జడేసుకుంటుంది, సయామా అలా నవ్వుతుంది. నేనేమైనా చెప్పబోతే దానికి ఫోను గుర్తొచ్చేది. ఆవిడని చూడకుండానే ఆవిడంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక వానరోజు అది గొడుగు మరిచిపోయి వెళ్ళింది. సాయంత్రం ఆఫీసు వదలగానే ఆ గొడుగు పట్టుకుని క్లాసుకి వెళ్ళాను. గొడుగు ఒక వంక. ఆవిడ ఎలా ఉంటుందో చూడాలి నాకు.

కరెంటు లేదు. కింద వీధిలో జనరేటర్లు మోగుతున్నాయి. చీకటి మెట్లెక్కి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ నాకంటే చిన్నది, పొట్టి మనిషి, గొంతు పెద్దది. మా పిల్లని ఆ కొత్త పేరుతో పిలిచింది. ఇది చటుక్కున లేచి నిలబడి, మొహమంతా వెలిగిపోతూ జవాబు చెప్పింది. నేను పిలిచినప్పుడు అది అలా లేవడం ఎప్పుడూ చూడలేదు.

క్లాసయ్యాక ఆవిడ నాకు కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఇద్దరం బర్మా భాషలోనే మాట్లాడుకున్నాం.

"స్పానిష్ మీ ఇంట్లో భాషేనా?" అని అడిగాను.

"కాదు ఆంటీ, కాలేజీలో నేర్చుకున్నాను. మా ఇంట్లో భాష వేరు. కాకపోతే స్పెయిన్ వాళ్ళు మమ్మల్ని చాలాకాలం ఏలారు గదా, మాటలు ఉండిపోయాయి. బల్లని మేసా అంటాం, సబ్బుని సాబోన్ అంటాం, బొత్తాలని బుటోనెస్ అంటాం."

"మేమూ మేజా అంటాం. సబ్బు అంటాం. బొత్తాం అంటాం," అంది మా పిల్ల గబగబా.

"వాళ్ళ పక్కదేశం పోర్చుగీసువాళ్ళు మీ తీరానికీ వచ్చారు. వాళ్ళు వదిలి వెళ్ళినవి అయ్యుంటాయి," అంది ఆవిడ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చుట్టాలు కలిసినట్టు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ తన ఇంటిపేరు సంగతి చెప్పింది. అదీ స్పానిష్ పేరే. వెనకటికి దొరలు పన్నుల లెక్క కుదరడానికి, ఊరూరికీ ఇంటిపేర్లు పంచిపెట్టారట. వాళ్ళ ఊరివాళ్ళందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయట, పక్క ఊరివాళ్ళవి ఇంకో అక్షరంతో.

"మరి అంతకుముందు మీవాళ్ళ పేరేమిటి?"

"తెలీదు ఆంటీ. ఎవరికీ తెలీదు."

ఆవిడ మొహంలో దిగులు కనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ లేదు. "ఆ పేరుని ఎవరైనా ఏమైనా అంటే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు," అంది నవ్వుతూ. ఆవిడ మీద జాలి కలగాల్సింది, నాకు మరింత కుళ్ళు కలిగింది. ఎవరో దొర పంచిన పేరుని ఊరంతా సొంతం చేసుకుని మోస్తోంది. నేను కన్నతల్లి పేరు పెడితే ఇంట్లోనే పలికేవాళ్ళు లేరు.

"మీకు ఇంటిపేర్లు ఉంటాయా?" అని ఆవిడ అడిగింది.

ఉంటాయని, మాకు అవి ముందు వస్తాయని చెప్పాను. మా తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి బోటాటౌంగ్ రేవులో మూటలు మోశాడని, బర్మావాళ్ళకి ఇంటిపేర్లు లేవు కాబట్టి కాయితాల్లో మాది రాలిపోయిందని చెప్పాను.

"మనకి ఇంటిపేరుందా అత్తా? ఏటది?" అంది మా పిల్ల.

 ఆదివారాలు పలక మీద దానిచేత రాయించిన మొదటి మాటల్లో అదొకటి. చెప్పాను. అది పలికింది. ఆవిడా పలకబోయి తడబడింది. ఇద్దరూ మళ్ళీ నవ్వుకున్నారు.

వాన తగ్గాక బస్సు కోసం నడుస్తూ అడిగాను. "నాను సెప్పినన్నాళ్ళూ ఇనలేదేటే?"

"అప్పుడు చిన్నదాన్ని గదా అత్తా."

"ఆవిడ అడిగితే గుర్తొచ్చిందా?"

అది గొడుగు ముడిచింది. "నీకు సయామా అంటే కుళ్ళా?" అని మెల్లిగా అడిగింది.

"అవును," అన్నాను.

 బస్సులో అది నా పక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తూ వచ్చింది.

వానలు వెళ్ళాక దానికి ఉద్యోగం దొరికింది. పనికోసం పెట్టుకున్న పేరు నాకు ఫోనులో చూపించింది. ముందు టీచరమ్మ ఇచ్చిన పేరు, వెనక మా ఇంటిపేరు.

"మన ఇంటిపేరు మెక్సికో ఎల్లిపోయిందే," అని అన్నయ్య వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

"మరి నాను పెట్టిన పేరో?" అన్నాను.

"అది ఆళ్ళకెందుకత్తా? నోరు తిరగదు."

ఇప్పుడు పొద్దున్నే నేను ఆఫీసుకి తల దువ్వుకుంటుంటే అది ముందుగదిలో మాట్లాడుతుంటుంది. అవతల ఎవరో మా ఇంటిపేరు తప్పు పలుకుతారు. ఇది ఓపిగ్గా, అక్షరం అక్షరం విడదీసి మళ్ళీ చెబుతుంది. నా దగ్గర అక్షరాలు దిద్దినప్పుడు అంత ఓపిక ఎప్పుడూ చూపలేదు.

పోయిన ఆదివారం వదిన ఆ టీచరమ్మని భోజనానికి పిలిచింది. చేపల పులుసు నేనే పెట్టాను. ఆవిడ ఇష్టంగా తిని, అడిగి మళ్ళీ వేయించుకుని, ఎలా చేశారని నన్ను అడిగింది. చెప్పాను, చింతపండు సంగతి మాత్రం సరిగ్గా చెప్పలేదు.